డిగ్రీలో లెక్చరర్ దగ్గర రీసెర్చ్ చేసి క్రెడిట్లు ఎలా తెచ్చుకున్నానంటే

“నరసన్నపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. లెక్చరర్ల దగ్గర రీసెర్చ్ చేయాలని ఉంది. ఎవరిని అడగాలి? దానికి క్రెడిట్లు వస్తాయా?” అని అడిగావు కదా తమ్ముడూ. వస్తాయి. మాది టెక్కలి దగ్గర పల్లె. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనే చదివి, ఈ దారిలోనే 4 క్రెడిట్లు తెచ్చుకున్నాను.

ఆ క్రెడిట్లు మన సిలబస్‌లోనే ఉన్నాయి. 2020-21 సిలబస్‌తో ఆంధ్రాలో డిగ్రీ వాళ్లకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ (నేను లెక్చరర్ దగ్గర చేసింది దీని కిందే), మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. మా బ్యాచ్‌కి మొదటి రెండూ 180 గంటల చొప్పున, ఒక్కోదానికి 4 క్రెడిట్లు. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి 12. మీ బ్యాచ్‌కి ఎంతో సిలబస్ కాపీలో ఒకసారి చూసుకో. చాలామంది ఆ రెండు నెలల పేరుతో ఆన్‌లైన్లో ఎవరో అమ్మే సర్టిఫికెట్ కొనేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ రెండు నెలలే మనకి ల్యాబ్ తాళం తీసిపెడతాయి.

ఇక ఎలా అడగాలన్నది. నేను మొదటిసారి స్టాఫ్ రూమ్‌కి వెళ్లి “సార్, ఏదైనా ప్రాజెక్టు ఉంటే ఇవ్వండి” అన్నాను. ఆయన “చూద్దాం” అన్నారు, అంతే. తప్పు ఆయనది కాదు. నాకేం కావాలో నాకే తెలియకుండా వెళ్లాను. రెండోసారి వేరే మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పీహెచ్‌డీ నీళ్ల మీదే అని సీనియర్ ఒకన్న చెప్పాడు. “మేడమ్, మా ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. పక్కవీధి నూతి నీళ్లతో ఉడుకుతుంది. ఎందుకో కొలిచి చూడాలని ఉంది” అన్నాను. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అరగంట మాట్లాడారు.

అందుకే చెప్తున్నాను, మనం చూసిన విషయం ఒకటి పట్టుకుని వెళ్లాలి. ఆ లెక్చరర్ దేనిమీద పనిచేశారో ముందే తెలుసుకోవాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో వాళ్ల పేరు కింద ఉంటుంది, గూగుల్ స్కాలర్‌లో పేరు కొడితే పేపర్లు కనిపిస్తాయి. అన్నీ అర్థం కావు, ఫర్వాలేదు. ఒక్క పేపర్ మొదటి పేజీ, చివరి పేజీ చదువు. వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోకు. క్లాసులు లేని గంట చూసుకుని మనిషి ఎదురుగా వెళ్లి అడుగు.

మా పని పెద్దదేం కాదు. చుట్టుపక్కల ఊళ్లలో పన్నెండు బోర్ల నీళ్లు పట్టుకొచ్చి కఠినత్వం, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో కొలిచాం. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి పట్టాలి. మొదటిరోజు లేబుళ్లు బాల్‌పెన్నుతో రాశాను. ఐస్ పెట్టెలో తడిసి సిరా కారిపోయింది, నాలుగు సీసాలు ఏ ఊరివో తెలియలేదు. మేడమ్ కోప్పడలేదు, “మళ్లీ వెళ్లి పట్టుకురా” అన్నారు. ఎండలో మళ్లీ బస్సెక్కాను. అప్పట్నుంచి పెన్సిల్‌తో రాసి పైన సెల్లోటేపు అంటించేవాణ్ణి. ల్యాబ్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లకి బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు మందు చుక్కలు వేస్తే ఎర్రటి ద్రాక్షరంగు వస్తుంది. కాల్షియం, మెగ్నీషియంని పట్టేసే ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదిలితే ఒక్క చుక్క దగ్గర నీలంగా మారిపోతుంది. ఆ ఒక్క చుక్క పట్టుకోవడానికి నాకు వారం పట్టింది. మా బోరు లీటరుకి 540 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి మన ప్రమాణం 200, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. కాల్షియం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. మా అమ్మకి చెప్తే ఆ రోజునుంచి పప్పుకి నూతి నీళ్లే పోసింది.

ఊళ్లో మాత్రం అందరూ ఒకటే అడిగారు, “బాబూ, ఉద్దానం కిడ్నీ జబ్బు ఈ నీళ్లవల్లేనా?” అని. మేడమ్ ముందే చెప్పారు: “కఠినత్వం కొలిచామని చెప్పు, జబ్బు కారణం కనిపెట్టామని మాత్రం నోటమ్మట రానీయకు.” ఈ మాట నువ్వూ గుర్తుపెట్టుకో.

నేను దెబ్బతిన్నది కాగితాల దగ్గర. మేడమ్ సరేననగానే ఆ సంతోషంలో మర్నాటినుంచే పని మొదలుపెట్టాను. లాగ్‌బుక్ తీయలేదు, ప్రిన్సిపాల్ పర్మిషన్ లేదు. రెండు వారాల తర్వాత ఆఫీసులో “ఇది ఇంటర్న్‌షిప్ కింద రాదు, ముందు రిజిస్టర్ చేయాలి” అన్నారు. మేడమ్ వెళ్లి మాట్లాడితే ఒప్పుకున్నారు గానీ, ఆ రెండు వారాల గంటలు లెక్కలోకి రాలేదు. సెలవులు అయిపోయాక సాయంత్రాలు కూర్చుని పూర్తిచేశాను. నువ్వు మాత్రం మొదటిరోజుకి ముందే మెంటర్ పేరు, టాపిక్, తేదీలు రాసి ప్రిన్సిపాల్ సంతకం పెట్టించుకో, జిరాక్స్ తీసి దాచుకో. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి, సంతకం ఏ వారానిది ఆ వారమే.

మీ కాలేజీలో ఎవరూ కుదరకపోతే ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లతో ముందు మాట్లాడు, వాళ్లకి చేతిసాయం ఎప్పుడూ కావాలి. బోటనీ చదివే స్నేహితులుంటే రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం గురించి చెప్పు, శ్రీకాకుళం సన్నాలు వరి అక్కడే పుట్టింది. విజయనగరం స్థానంలో రాగుల మీద పని జరుగుతుంది. ఇలాంటి చోట్లకి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం లేకుండా వెళ్లకు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ కూడా ఉంది, రెండు నెలలు. వేసవిలో చేసేదానికి అంతకుముందు ఏడాది చివర్లోనే అప్లై చేయాలి. అది ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తామని మీ కాలేజీ చేత ముందే రాయించుకో.

నాలుగో ఏడాది ఆనర్స్ విత్ రీసెర్చ్ ఆలోచన ఉంటే, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. అందులో రీసెర్చ్ ప్రాజెక్టుకే 12 క్రెడిట్లు. కాబట్టి మార్కులు ఇప్పట్నుంచే చూసుకో.

పరీక్షలయ్యాక అడుగుదామని ఆగకు. అప్పటికి మేడమ్‌లూ సార్లూ పేపర్ వాల్యుయేషన్‌లో ఉంటారు. సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్తావు కదా, అక్కడ నీకు వింతగా అనిపించిందేదో ఒకటి రాసుకురా. అది ఇక్కడ పెడితే, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆలోచించి చెప్తాను.