ఆ కుర్చీ ఎక్కడిదో కనుక్కో

తమ్ముడూ,

పాత అమెరికన్ టీవీ సీరియళ్ల సెట్ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కథ అందరూ చూస్తారు. మాట్లాడుతున్న మనిషి వెనక గోడకి ఏం తగిలించి ఉందో చూసేవాళ్లు తక్కువ. నీకు ఆ కన్ను ఉంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు కాబట్టి మెచ్చుకోలు అక్కడితో ఆపి, అసలు సంగతికి వస్తాను.

నీ వ్యాసంలో ప్రతి వస్తువూ దేనికో ఒకదానికి ప్రతీక. పూలకుండీ ఒంటరితనానికి, గోడగడియారం మృత్యువుకి, వంకరగా వేలాడే ఫ్రేము చెదిరిన కాపురానికి. ఆ కుండీ రంగేమిటో మాత్రం నువ్వు రాయలేదు. అందులోవి నిజం పూలో కాగితం పూలో రాయలేదు. తర్వాతి ఎపిసోడ్‌లో అది అక్కడే ఉందా, వంటింట్లోకి వెళ్లిందా అన్నదీ లేదు. అర్థం ముందే తట్టేసినట్టుంది, ఇక కుండీ వైపు చూడాల్సిన పని నీకు పడలేదు.

ఇంకో చోట, భోజనాల బల్లకి ఒకవైపు ఎప్పుడూ ఎవరూ కూర్చోకపోవడం "ఆ కుటుంబంలో పూడని లోటు" అన్నావు. అక్కడ కూర్చుంటే కెమెరాకి వీపు కనిపిస్తుందయ్యా! స్టూడియో సెట్‌కి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు, వాటి వెనక చాలా షోలకి నిజంగానే టికెట్టు పుచ్చుకుని వచ్చిన ప్రేక్షకులు. అందుకే సోఫా గోడకి ఆనకుండా గది నడిమధ్యన ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఒకే వైపు తిరిగి అన్నం తింటారు. ఇది తెలిశాక కూడా ఆ ఖాళీ చోటు గురించి నీకు చెప్పడానికేమైనా మిగిలితే అప్పుడు చెప్పు, వింటాను.

సెట్ మీది వస్తువుకి రెండు బతుకులు. ఈ ఇంట్లోవాళ్లు దీన్ని ఎందుకు కొనుక్కున్నారు, ఎందుకు ఇక్కడ పెట్టుకున్నారు అన్నది కథలోని బతుకు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు దీన్ని ఎక్కణ్ణించి తెచ్చారు, ఇదే ఎందుకు తెచ్చారు అన్నది స్టూడియోలోని బతుకు. నువ్వు మొదటిదాని గురించే రాస్తున్నావు, రెండోది తెలుసుకోకుండా. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఉదాహరణలే అనుకో.

'ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ'లో భూతం ఉండే సీసా గురించి అర పేజీ రాశావు. ప్రాచ్య ప్రపంచపు మార్మికత అన్నావు. ఆ సీసా జిమ్ బీమ్ అనే విస్కీ కంపెనీ 1964 క్రిస్మస్‌కి అమ్మిన డికాంటర్, అంటే సారా పోసిపెట్టే అలంకారపు సీసా. 1965లో షో మొదలైనప్పుడు నలుపు తెలుపు కాబట్టి పొగరంగు గాజు మీద బంగారు రంగు లతలు గీస్తే సరిపోయింది. రెండో సీజన్ నుంచి రంగులొచ్చాయి, సీసా ఊదారంగుకి మారింది. ఇప్పుడు చూడు, నీ మార్మికత ఎక్కడికీ పోలేదు, ఇంకా రుచిగా తయారైంది. అరేబియా అంటే అమెరికావాళ్ల మనసులో ఉన్న బొమ్మని అప్పటికే ఒక సారా కంపెనీ సీసాలో పోసి పండక్కి అమ్మేస్తోంది. టీవీ వాళ్లు దాన్ని అల్మరాలోంచి తీసుకున్నారంతే. నీ అర పేజీ కంటే ఈ నాలుగు ముక్కల్లో ఎక్కువ విషయం లేదూ?

'స్టార్ ట్రెక్'ది ఇంతకంటే మంచి కథ. 1966 సెప్టెంబర్ 8న మొదట ప్రసారమైన ఎపిసోడ్‌లో ఒక వింత జీవి ఉంటుంది. దానికి ఉప్పు కావాలి, మనుషుల ఒంట్లోంచి ఉప్పు పీల్చి చంపుతుంది. కథ కోసం తెర మీద ఉప్పు డబ్బీలు కనబడాలి. భవిష్యత్తులో జరిగే కథ కదా అని ప్రాపర్టీల వాళ్లు వెతికి వెతికి, సన్నగా నిగనిగలాడే కొత్త రకం డిజైన్ల డబ్బీలు పట్టుకొచ్చారు. తెచ్చి బల్ల మీద పెట్టాక అనుమానమొచ్చింది: ఇవి ఉప్పు డబ్బీలని చూసేవాళ్లకి తెలుస్తుందా? తెలియకపోతే కథే లేదు. చివరికి ఎవరైనా గుర్తుపట్టే మామూలు డబ్బీలే వాడారు. మరి ఆ కొత్త రకంవో? అవి ఆ కథలోని వైద్యుడు డాక్టర్ మెకాయ్ చేతిలో వైద్య పరికరాలైపోయాయి. రోగి ఒంటి మీద అటూ ఇటూ తిప్పి, చిన్న చప్పుడు జోడిస్తే చాలు, మూడు వందల ఏళ్ల తర్వాతి వైద్యం. వస్తువుని ఏమీ మార్చలేదు, పట్టుకునే చెయ్యి మారింది.

కథలు కూడా రాస్తున్నానన్నావు కాబట్టి దీన్ని ఇంకాస్త సేపు నమలమంటాను. మెకాయ్ వేషం వేసిన డిఫారెస్ట్ కెల్లీ ఆ డబ్బీని పట్టుకున్న తీరు చూడు. దాని వైపు ఒక్కసారి కూడా ఆశ్చర్యంగా చూడడు. రోజూ వాడే పనిముట్టుని మనం చూడం కదా, చెయ్యే దాన్ని వెతుక్కుంటుంది. అతను దాన్ని అబ్బురంగా చూసి ఉంటే మనం నవ్వేసేవాళ్లం. నీ కథలో వైద్యుడు స్టెతస్కోపుని "నల్లని గొట్టాలతో మెరిసే ఆ పరికరాన్ని" అన్నట్టు చూస్తున్నాడు. పాతికేళ్లుగా మెడలో వేసుకు తిరుగుతున్నవాడు అలా ఎందుకు చూస్తాడు?

రంగుల గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. 'ఐ లవ్ లూసీ' 1951లో మొదలైంది. దాని ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీ మూకీల కాలం నుంచి పనిచేసినవాడు, సెట్‌ని బూడిద రంగు ఛాయల్లోనే వేయించాడు. అక్కడ పోయిన రంగేమీ లేదు, ఉన్నదే బూడిద. 'ఆడమ్స్ ఫ్యామిలీ' దీనికి పూర్తిగా తలకిందులు. శవపేటికలో పడుకుని లేచినట్టుండే ఆ కుటుంబపు హాలుని రంగుల ఫొటోలో చూశావా? గోడలు గులాబీ రంగు! నలుపు తెలుపులో ఏ రంగు ఏ బూడిదగా దిగుతుందో అన్నదే వాళ్ల లెక్క, ఇంటికొచ్చిన చుట్టాలకి బాగుంటుందా లేదా అన్నది కాదు. అలాంటి గదిలో నిలబడి భయం నటించిన వాళ్ల ఓపికకి దండం.

ఇక నీ వ్యాసంలో ఉండి తీరాల్సింది, ఒక్క వాక్యంలో తేల్చేసినది: 'గుడ్ టైమ్స్'. 1974 నుంచి 1979 దాకా సీబీఎస్ ఛానెల్‌లో వచ్చింది. షికాగోలో ప్రభుత్వం కట్టిన పేదల అపార్ట్‌మెంట్‌లో ఒక నల్లజాతి కుటుంబం. పెద్దకొడుకు జేజే బొమ్మలు వేస్తాడు. "గోడ మీద కొన్ని చిత్రాలు ఉన్నాయి" అని రాసి వదిలేశావు. ఆ చిత్రాలు వేసింది ఎర్నీ బార్న్స్. నార్త్ కరొలినాలోని డర్హమ్‌లో 1938లో పుట్టాడు. బొమ్మల్లోకి పూర్తిగా దిగకముందు ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఆయన మనుషుల చేతులూ మెడలూ నడుములూ సాగదీసినట్టు పొడుగ్గా ఉంటాయి. మైదానంలో పరుగెత్తే ఒళ్లు లోపల్నుంచి ఎలా ఉంటుందో తెలిసినవాడి గీత అది. కళ్లు మాత్రం మూసి ఉంటాయి. మనం ఒకరిలోని మనిషిని ఒకరం చూడలేని గుడ్డివాళ్లమని, అందుకే కళ్లు మూసి వేస్తానని ఆయనే చెప్పుకున్నాడు.

షో చివర పేర్లు పడుతున్నప్పుడు వెనక కనిపించే నాట్యశాల బొమ్మ 'షుగర్ షాక్' కూడా ఆయనదే. చిన్నతనంలో డర్హమ్‌లో పెద్దవాళ్ల డాన్సు హాల్లోకి దొంగతనంగా దూరి చూసిన రాత్రి దానికి మూలం. గాయకుడు మార్విన్ గే 1976 ఆల్బమ్ అట్ట మీదికీ అది ఎక్కింది. ఆ బొమ్మని బార్న్స్ రెండుసార్లు వేశాడు. 1976 నాటి ప్రతి 2022 మేలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చింది. లక్షన్నర నుంచి రెండు లక్షల డాలర్లు పలకొచ్చని వాళ్ల అంచనా. కోటిన్నర డాలర్లకు పైగా పలికింది. పాడుకున్నాయన చిన్నప్పుడు ఆ షో చూస్తూ పెరిగినవాడే. గ్యాలరీకి ఎన్నడూ వెళ్లని ఇళ్లలోకి వారం వారం వెళ్లిన బొమ్మ అది. మ్యూజియం గోడ మీద అర నిమిషం చూసి ముందుకు కదిలే బొమ్మకీ, అన్నం తింటూ ఏళ్ల తరబడి చూసిన బొమ్మకీ మధ్య ఏం తేడా ఉంటుందో, అది రాయగలవా?

అదే షో రెండో ఎపిసోడ్ మళ్లీ చూడు. తల్లి ఫ్లోరిడా గోడకి తగిలించుకున్న తెల్ల ఏసు పటం తీసి, చిన్నకొడుకు మైకేల్ ఆ మేకుకి అన్న వేసిన నల్ల ఏసు బొమ్మ తగిలిస్తాడు. జేజే దానికి మోడల్‌గా తీసుకుంది ఆ పేటలోని తాగుబోతుని. తల్లికి మింగుడుపడదు. ఆ పటం ఆమె చిన్ననాటి నుంచీ మొక్కుతున్నది, కొడుకుకేమో గోడ మీద తన రంగు దేవుడు కావాలి. ఒక మేకు, రెండు పటాలు, నాటకం అంతా అక్కడే ఉంది. ప్రతీక అన్న మాట ఎవరూ ఎత్తరు.

'గుడ్ టైమ్స్' నిర్మాత నార్మన్ లియర్‌దే ఇంకో షో, 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'. ఆయనకి దాన్ని నలుపు తెలుపులో తీయాలని ఉండేది. ఛానెల్ ఒప్పుకోలేదు. దాంతో ఇల్లంతా మట్టి రంగులు, వెలిసిన రంగులు నింపి, రంగుల టీవీలోనే పాతబడ్డ ఆల్బమ్ వాలకం తెచ్చుకున్నారు. ఆ హాల్లో ఇంటి పెద్ద ఆర్చీ బంకర్ కుర్చీ ఉంటుంది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోడు. మన ఇళ్లలో తాతగారి పడక్కుర్చీ లాంటిదన్నమాట, ఆయన ఊళ్లో లేకపోయినా పిల్లలు ఎక్కరు. పాత సామాన్ల దుకాణంలో కొన్న ఆ కుర్చీనీ, పక్కన భార్య ఈడిత్ కుర్చీనీ 1978లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు, షో అయిపోతోంది కదా అని. అయిపోలేదు, ఇంకో సీజన్ వచ్చింది. మ్యూజియానికి ఇచ్చినది వెనక్కి తెచ్చుకోలేక అచ్చం అలాంటివే మళ్లీ చేయించారు, అసలు వాటికంటే ఎన్నో రెట్లు ఖర్చుపెట్టి. చిరుగూ మరకా కూడా పనిగట్టుకుని చేయించాల్సి వచ్చిందంటే, పాతదనానికి కూలి ఎంతో ఆలోచించు.

మళ్లీ మళ్లీ కనిపించే వస్తువుల గురించి పెద్దగా రాయకు, ఇప్పటికే చాలామంది రాశారు. ఎర్ల్ హేస్ ప్రెస్ అచ్చేసిన ఒకే ఉత్తుత్తి పేపరు ఎన్నో షోలలో ఎందరో తండ్రులు చదువుతుంటారు. నిజం పేపరు చూపిస్తే అనుమతుల తలనొప్పి, అందుకని. 1956 సినిమా కోసం చేసిన రాబీ అనే రోబో 'ట్విలైట్ జోన్'లోనూ 'లాస్ట్ ఇన్ స్పేస్'లోనూ, చివరికి 'కొలంబో'లోనూ వేషాలు కట్టింది. చూడగానే సరదాగా ఉంటుంది, "భలే పట్టుకున్నాను" అనిపిస్తుంది. పట్టుకున్నంత మాత్రాన వ్యాసం కాదు.

ఒక సాంకేతిక విషయం. నువ్వు చూస్తున్నది ఏ ప్రతి? 35 ఎంఎం ఫిల్ము మీద తీసిన షోలని ఇప్పుడు కొత్తగా స్కాన్ చేస్తే ప్లైవుడ్ గీతలతో సహా కనిపిస్తాయి. ఆనాటి ఇంటి టీవీలో అవి కనబడవన్న ధైర్యంతోనే సెట్ వేశారు. నువ్వు ఎద్దేవా చేసిన ఆ "అట్టముక్క గోడ" వాళ్ల నిర్లక్ష్యం కాదు, వాళ్ల లెక్క. పైగా కొన్నిటిని వెడల్పు తెరకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేస్తారు. 2021లో 'సైన్‌ఫెల్డ్' నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు, 'ద పాట్‌హోల్' అనే ఎపిసోడ్‌లో జార్జ్ వంగి చూస్తున్న గుంతే తెరలోంచి మాయమైంది! వంకర ఫ్రేము గురించి రాసేముందు అది ఆనాటి టీవీ తెర 4:3 చట్రంలో, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు ఉండే చట్రంలో, ఎక్కడుందో చూసుకో.

మన వైపు సంగతి కూడా నీ మనసులో ఉండనీ. దూరదర్శన్ 'మాల్గుడి డేస్'ని శంకర్ నాగ్ ఆగుంబెలో తీశాడు. టైటిల్స్‌లో బొమ్మలు ఆర్.కె. లక్ష్మణ్‌వి, కళాదర్శకుడు జాన్ దేవరాజ్. సెట్ వెయ్యడానికి బదులు ఊరినే సెట్‌గా మార్చారు. మాల్గుడి స్టేషన్‌గా చూపించిన శివమొగ్గ జిల్లా అరసాళు రైల్వే స్టేషన్‌లో ఇప్పుడు మాల్గుడి మ్యూజియమే ఉంది. హైదరాబాద్ నుంచి రైలెక్కి వెళ్లి చూడగలిగినది ఇది. ఆ వ్యాసం నీ దగ్గర్నుంచి వస్తే నాకు ఇంకా ఇష్టం, కానీ తొందరలేదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. పద్నాలుగు షోలనీ ఒక్క వ్యాసంలో కుక్కకు. పూలకుండీ, గడియారం, భోజనాల బల్ల తీసెయ్యి. ఆ నల్ల ఏసు ఎపిసోడ్ ఒక్కటే తీసుకుని, గోడ కనిపించిన ప్రతిచోటా ఆపి, ఏముందో, ఎంతసేపుందో, ఎవరు దాని వైపు చూశారో నోటుపుస్తకంలో రాసుకో. ఆ తర్వాత బార్న్స్ గురించి దొరికినంత చదువు. వెయ్యి మాటలు దాటనివ్వకు. దసరా లోపల పంపితే పండగ సెలవుల్లో కూర్చుని చూస్తాను. ఈసారి ఫాంటు కాస్త పెద్దది పెట్టు, నా కళ్లజోడు మారింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు