‘యువర్ కమింగ్’ అనాలా, ‘యూ కమింగ్’ అనాలా?

మీరు అడిగినవి రెండు. మీ మేనేజర్ మెయిల్లో ‘ఐ అప్రీషియేట్ యువర్ టేకింగ్ ద టైమ్’ అని రాస్తే, అమెరికాలో ఉన్న మీ టీమ్‌వాళ్లు ‘యూ టేకింగ్ ద టైమ్’ అంటున్నారు, ఏది కరెక్టు అన్నది ఒకటి. మీరు ‘థాంక్యూ ఫర్ యువర్ కమింగ్’ అని రాస్తే ఎందుకు దిద్దారన్నది రెండోది. మొదటిదాంట్లో ఇద్దరూ కరెక్టే. రెండోదాంట్లో దిద్దినవాళ్లు కరెక్టు. అమీర్‌పేటలో చాలా ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ రెంటినీ ఒకే రూలుగా బట్టీపట్టడం వల్లే మా క్లాసులో సగం తికమక వస్తుంది.

ముందు రెండోది చూద్దాం, ఎక్కువ పనికొచ్చేది అదే. ‘థాంక్’ అనే క్రియకి పక్కనే మనిషి ఉండాలి. ఎవరికి థాంక్స్? ‘యూ’. బస్సులో కర్చీఫు వేసినట్టు ఆ సీటు ముందే నిండిపోయింది. ఇక ‘ఫర్’ తర్వాత వచ్చే పని ఆ మనిషిదేనని ఎవరికైనా తెలుస్తుంది, మళ్లీ ‘యువర్’ అని చెప్పక్కర్లేదు. అందుకే ‘థాంక్యూ ఫర్ కమింగ్’. కంగ్రాచులేట్, అక్యూజ్, బ్లేమ్ అన్నీ ఈ బాపతే: ‘దే అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ చీటింగ్’ అంటారు గానీ ‘ఆఫ్ హిజ్ చీటింగ్’ అనరు.

ఇన్‌సిస్ట్ ఆన్, అబ్జెక్ట్ టు, అప్రూవ్ ఆఫ్, లుక్ ఫార్వర్డ్ టు లాంటివాటిలో క్రియకి పక్కన మనిషి ఉండడు, నేరుగా ప్రిపోజిషనే (ఆన్, టు, ఆఫ్ లాంటి చిన్న మాట) వచ్చేస్తుంది. ‘షి ఇన్‌సిస్టెడ్ ఆన్ పేయింగ్’ అంటే డబ్బులిస్తానని పట్టుబట్టింది ఆమే, ఇచ్చేదీ ఆమే. ఇచ్చేది వేరే అతనైతే ఆ సంగతి ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా. అప్పుడే ‘ఆన్ హిజ్ పేయింగ్’ గానీ ‘ఆన్ హిమ్ పేయింగ్’ గానీ అవసరమవుతుంది. కాబట్టి నేను క్లాసులో అడిగే ప్రశ్న ఒక్కటే: క్రియ పక్కన మనిషి వచ్చేశాడా, లేదా?

ఈ తేడాని ఒకే క్రియలో చూపించడానికి ‘ఫర్‌గివ్’ కంటే మంచిది నాకు దొరకలేదు. ‘ఫర్‌గివ్ మీ ఫర్ ఇంటరప్టింగ్’ అనొచ్చు, ‘ఫర్‌గివ్ మై ఇంటరప్టింగ్’ అనీ అనొచ్చు. మొదటిదాంట్లో క్షమించమంటున్నది నన్ను, రెండోదాంట్లో నేను చేసిన పనిని. రెండూ కలిపేసి ‘ఫర్‌గివ్ మీ ఫర్ మై ఇంటరప్టింగ్’ అంటే మాత్రం నప్పదు. అమెరికా యూనివర్సిటీకి అప్లికేషన్ పంపుతూ ఒకమ్మాయి ‘ఐ థాంక్ యూ ఫర్ యువర్ కన్సిడరింగ్ మై అప్లికేషన్’ అని రాసుకొచ్చింది. రూలేమీ చెప్పలేదు, ‘థాంక్’ పక్కన ఎవరున్నారమ్మా అని అడిగానంతే. ‘యువర్’ని తనే కొట్టేసింది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది, చాలా మంచి ప్రశ్న: మరి ‘థాంక్యూ ఫర్ యువర్ అండర్‌స్టాండింగ్’ ఎలా ఒప్పయింది సార్? అక్కడ ‘అండర్‌స్టాండింగ్’ పూర్తిగా నామవాచకం అయిపోయింది, ‘హెల్ప్’, ‘సపోర్ట్’ లాగే. నామవాచకం ముందు ‘యువర్’ ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

ఇక మీ మేనేజర్‌కీ అమెరికావాళ్లకీ మధ్య ఉన్న తేడా. ఇది పాత గొడవే. ‘హిమ్ పేయింగ్’ లాంటి వాడుక తప్పని ఇంగ్లండ్‌లో భాషా వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లో గట్టిగా రాశారు, మనిషినీ పనినీ కలిపి అతికేసినట్టుందని దానికి ‘ఫ్యూజ్డ్ పార్టిసిపుల్’ అని పేరు కూడా పెట్టారు. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్‌సన్ ఒప్పుకోలేదు, మంచి రచయితలే అలా రాస్తున్నారని ఉదాహరణలు చూపించాడు. మాటల్లో యెస్పర్‌సన్ పక్షమే నెగ్గింది. ‘హిజ్ పేయింగ్’, ‘యువర్ టేకింగ్’ ఇప్పుడు కొంచెం పెద్దమనిషి తరహాగా, రాతకి తగ్గట్టు వినిపిస్తాయి. అసలు చాలాసార్లు తేడా చెవికి తెలియనే తెలియదు. ‘హర్ లీవింగ్’ అన్నప్పుడు ఆ ‘హర్’ ఏ ‘హర్’, ‘హిజ్’ లాంటిదా, ‘హిమ్’ లాంటిదా? ‘ద బాయ్స్ లీవింగ్’లో అపాస్ట్రఫీ ఉందో లేదో నోటితో చెప్పగలమా?

కానీ తేడా నిజంగా ఉన్నచోట దాన్ని వదులుకోకూడదు. ‘ఐ డోంట్ లైక్ హిజ్ సింగింగ్’ అంటే అతను పాడే తీరు నచ్చలేదని. ‘ఐ డోంట్ లైక్ హిమ్ సింగింగ్’ అంటే అతను పాడటమే ఇష్టం లేదని, బహుశా గొంతు బాగోలేనప్పుడు పాడుతున్నాడనో, అర్ధరాత్రి పాడుతున్నాడనో. ఇది మనకి కొత్త సంగతేం కాదు. ‘అతని పాట నచ్చలేదు’, ‘అతను పాడటం నచ్చలేదు’ అని రోజూ అంటూనే ఉంటాం. ‘నీ రాక’ అంటాం, ‘నువ్వు రావడం’ అంటాం. ‘నీ రావడం’ అని మాత్రం అనం. చిక్కు వచ్చేది ఇక్కడే. తెలుగులో ‘రావడం’ ముందు ‘నువ్వు, అతను’ మారకుండా నిలబడతాయి కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ‘ఐ డోంట్ లైక్ హి కమింగ్ లేట్’ అని నోటికి వచ్చేస్తుంది. ‘హిజ్’ అనండి, ‘హిమ్’ అనండి, ‘హి’ మాత్రం వద్దు. మా క్లాసులో ‘హిజ్’, ‘హిమ్’ వాదన కంటే ఈ ‘హి’ని మాన్పించడానికే నేను ఎక్కువ టైమ్ పెడతాను.

ప్రాణం లేనివాటికి ఎపాస్ట్రఫీ ఎస్ పెట్టే పని పెట్టుకోకండి. ‘ఇట్ డిపెండ్స్ ఆన్ ద మనీ కమింగ్ ఆన్ టైమ్’ చాలు, ‘మనీస్ కమింగ్’ అక్కర్లేదు. ‘దట్ హ్యాపెనింగ్’లో ‘దట్’కీ అంతే.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంటుంది: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’. ఈ ‘టు’ ప్రిపోజిషన్. అనుమానం వస్తే దాని తర్వాత ఒక పండగ పేరు పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ బాగానే ఉంది కాబట్టి ‘టు మీటింగ్ యూ’ అనాలి. ‘ఐ వాంట్ టు సంక్రాంతి’ కుదరదు కాబట్టి అక్కడ ‘టు మీట్’. ‘అబ్జెక్ట్ టు’కీ ఇదే పరీక్ష పనిచేస్తుంది.

మీ మెయిల్స్ సంగతికొస్తే, క్లయింటుకి రాసేటప్పుడు మీ మేనేజర్‌లాగే ‘యువర్ టేకింగ్’ అని రాయండి, ఎవరూ వంక పెట్టలేరు. టీమ్ చాట్‌లో, ఫోన్లో ‘యూ టేకింగ్’ అనండి. మీటింగ్‌కి వచ్చినవాళ్లకి ‘థాంక్యూ ఫర్ కమింగ్’ అంటే చాలు.