ఆంప్ ఆన్ చేసిన ప్రతిసారీ సెలెక్టర్ రిలే (ఇన్‌పుట్‌ని ఎంచుకునే విద్యుత్ స్విచ్) వేరే ఇన్‌పుట్ మీద ఎందుకు ఉంటుంది?

రిలేను నడిపే ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీకి (ఆన్, ఆఫ్ అనే రెండు స్థితుల్లో ఒకదాన్ని గుర్తుంచుకునే చిప్) కరెంటు వచ్చిన క్షణంలో ఏ స్థితిలో ఉండాలో మనం చెప్పలేదు కాబట్టి, అది ఒకసారి సీడీ మీద, ఇంకోసారి ఫోనో మీద లేస్తుంది. దాని లోపలి రెండు సగాల్లో ఏది ముందు నిలదొక్కుకుంటే అదే అవుట్‌పుట్, అది సప్లై ఎలా పెరిగిందన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

దీన్ని సరిచేయాలంటే, ఉదాహరణకు సీడీ4013 అనే ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీ వాడితే, రీసెట్ పిన్ నుంచి ప్లస్ సప్లైకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అదే పిన్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెట్టండి, వాడని సెట్ పిన్‌ని గ్రౌండ్ చేయండి. ఆన్ చేయగానే రీసెట్ పిన్ పైకి లేచి, సుమారు 10 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో కిందికి దిగుతుంది, ఈలోగా ఐసీ అవుట్‌పుట్ (క్యూ పిన్) సున్నా అయిపోతుంది, దానితో రిలేకి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లోనే ఉంటుంది, రిలే కదలదు. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల సప్లై మెల్లగా లేస్తుంటే మాత్రం ఈ టైమ్ చాలదు, కెపాసిటర్ విలువ పెంచాలి.

చాలామంది రిలే పాడైందనుకుని మార్చేస్తారు, పాపం డబ్బు దండగ. మామూలు రిలే కరెంటు పోగానే ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది, లాచింగ్ రిలే అయితేనే పాత స్థితిలో ఉండిపోతుంది. ఐసీ సప్లై పిన్నుల మధ్య పెట్టే డీకప్లింగ్ కెపాసిటర్ (సప్లైలో ఒడిదుడుకులు తగ్గించేది) కూడా ఈ రీసెట్ పని చేయదు.