డౌనింగ్ స్ట్రీట్ వంటగది మీద బాంబు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం పాఠం జరుగుతోంది. లండన్ మీద అన్ని బాంబులు పడుతుంటే ప్రధాని ఆ నల్ల తలుపు ఇంట్లోనే ఎందుకున్నారు, మన చంద్రగిరి లాంటి కోటలోకి వెళ్లిపోవచ్చు కదా అంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, భవానీ నగర్, తిరుపతి

జవాబు: అమ్మా, చిత్తూరులో ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ పిల్లా అడగలేదు.

చంద్రగిరి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. గోడ మీద చెయ్యి పెడితే ఆ బలం తెలుస్తుంది. మీ అమ్మాయి చెప్పిన ఆ నల్ల తలుపు ఇల్లు, అంటే లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఉండే 10 డౌనింగ్ స్ట్రీట్, అలాంటిది కాదు. 1680లలో జార్జ్ డౌనింగ్ లాభం కోసం మెత్తటి నేల మీద సరైన పునాది లేకుండా కట్టించిన ఇళ్లలో అదొకటి. కానీ పార్లమెంటు, సైన్యం ఆఫీసులు, మంత్రుల ఆఫీసులు అన్నీ అక్కడికి నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. ప్రధాని దూరంగా కోటలో కూర్చుంటే రోజూ వీళ్లందరితో మాట్లాడేదెలా?

ఇక బాంబు సంగతి. 1940 అక్టోబరు 14 రాత్రి అప్పటి ప్రధాని చర్చిల్ ఆ ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. బయట జర్మన్ విమానాల దాడి మొదలైంది. వంటగదికి పెద్ద గాజు కిటికీ ఉందని గుర్తొచ్చి లేచి వెళ్లాడు. వండినవన్నీ భోజనాల గదిలో పెట్టేసి మీరంతా షెల్టర్‌లోకి వెళ్లండని వంటవాళ్లను పంపేశాడు. కొద్ది నిమిషాల్లోనే పక్కన బాంబు పడి వంటగది నుజ్జయింది. వంటమనిషి బతికింది. పక్కనున్న ట్రెజరీలో, అంటే ఆర్థిక శాఖ ఆఫీసులో మాత్రం కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా నాకు ఆ వంటమనిషే కళ్లముందు కదులుతుంది.

ఆ తర్వాత దగ్గర్లోనే ఒక ప్రభుత్వ భవనం కింద, 1939 ఆగస్టులోనే సిద్ధం చేసిన నేలమాళిగ గదుల వాడకం పెరిగింది. అక్కడ మంత్రివర్గం వందకు పైగా సమావేశాలు జరుపుకుంది. మ్యాపుల గదిలో రాత్రీ పగలూ మనుషులుండేవారు. ఓడలు ఎక్కడున్నాయో చూపడానికి గుచ్చిన గుండుసూదుల రంధ్రాలు ఆ మ్యాపుల మీద ఇప్పటికీ ఉన్నాయి. చర్చిల్ మాత్రం అక్కడ పడుకున్న రాత్రులు చాలా తక్కువ. వీలున్నప్పుడల్లా పాత ఇంటికే వచ్చేవాడు.

ఇంకో సగం కూడా చెప్పండమ్మా. 1939 సెప్టెంబరు 3న అప్పటి ప్రధాని చేంబర్లేన్ యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పింది ఆ ఇంట్లోంచే. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్ని ఒక్క మాట అడక్కుండా మనల్నీ యుద్ధంలోకి లాగాడు. మన చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అందుకు నిరసనగా అక్కడ రాజాజీ మంత్రివర్గం అక్టోబరులో రాజీనామా చేసింది. 1942 ఏప్రిల్లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మద్రాసు జనం ఊరు వదిలి లోపలి జిల్లాలకు వచ్చేశారు. మా ఇంటికీ నాలుగు కుటుంబాలొచ్చాయని, కుండెడు అన్నం రాగి సంగటితో కలిపి సర్దామని మా నాయనమ్మ చెప్పేది.

మరుసటి ఏడాది బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ధాన్యం ఓడలు పంపమని ఢిల్లీ మళ్లీ మళ్లీ అడిగినా చర్చిల్ మంత్రివర్గం అడిగినంత పంపలేదు. వంటవాళ్ల కోసం భోజనం మధ్యలో లేచిన మనిషే ఆ మంత్రివర్గానికీ పెద్ద. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రెండిట్లో ఏదీ వదిలేవాణ్ణి కాదు. మీ అమ్మాయికి కూడా రెండూ చెప్పండి.