తప్పు ఎదుటివాళ్లదైనా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందా?

మీరు అడిగింది ఇదీ: కారు ఇన్సూరెన్స్‌లో నాలుగేళ్లుగా క్లెయిమ్ లేదు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతం ఉంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఆటో వచ్చి తగిలించింది. వెనక డోరు, బంపరు దెబ్బతిన్నాయి, షెడ్డులో 18 వేలు అన్నారు. తప్పు మీది కాదు, అయినా బోనస్ పోతుందా, క్లెయిమ్ చేయాలా వద్దా అని.

పోతుందండీ, మొత్తం పోతుంది. మీ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మీ బండి రిపేరుకి డబ్బు తీసుకుంటే, తప్పు ఎవరిదన్నది లెక్కలోకి రాదు. ఆ పాలసీ ఏడాదిలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి) క్లెయిమ్ ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు. ఉంటే, కింద చెప్పే అదనపు కవర్ లేనివాళ్లకి వచ్చే రెన్యూవల్‌కి బోనస్ సున్నా. వెయ్యి రూపాయల క్లెయిమైనా, లక్ష రూపాయల క్లెయిమైనా అంతే. జాగ్రత్తగా నడిపేవాళ్లకి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కానీ నియమం అలాగే ఉంది, దాన్ని బట్టే మన నిర్ణయం ఉండాలి. విదేశాల్లో ఉన్న బంధువులు "ఒక క్లెయిమ్‌కి కొంచెమే తగ్గుతుంది" అని చెబితే అది అక్కడి పద్ధతి. మన దగ్గర మెట్టు మెట్టుగా దిగడం ఉండదు, ఒక్కసారే కిందికి.

ఎక్కేటప్పుడు మాత్రం మెట్లే. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. అక్కడితో ఆగిపోతుంది. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకి 2022లో నిర్ణయించింది 3,416 రూపాయలు, దానికి బోనస్‌తో సంబంధం లేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక గేదె అడ్డం వచ్చింది. మనుషులకేమీ కాలేదు గానీ బానెట్, రేడియేటర్, హెడ్‌లైటు, ముందు బంపరు అన్నీ పోయాయి. బిల్లు 61 వేలు. అప్పటికి నా బోనస్ 35 శాతం, రెన్యూవల్‌కి 45 అయ్యేది. జీరో డెప్ (భాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) ఉంది కాబట్టి నేను కట్టింది తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సింది) వెయ్యి, ఆయిల్ కూలెంట్ లాంటివాటికి ఇంకాస్త. అక్కడ ఆలోచించాల్సిన పని లేదు, క్లెయిమ్ చేశాను. రెన్యూవల్‌కి మాత్రం లెక్క ఇలా మారింది: బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000. 45 శాతం తగ్గి 4,950 కావాల్సింది పూర్తిగా 9,000 కట్టాను. తేడా 4,050, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 4,779.

చాలామంది ఇక్కడే లెక్క ఆపేస్తారు. "ఐదు వేలేగా నష్టం" అంటారు. కానీ ఆ మరుసటి ఏడాది నాకు 50 రావాల్సిన చోట 20 వచ్చింది, తర్వాతి ఏడాది 50 బదులు 25. మళ్లీ పై మెట్టుకి చేరేదాకా ప్రతి ఏడాదీ కొంత పోతూనే ఉంటుంది. క్లెయిమ్ అసలు ఖరీదు ఆ ఏళ్లన్నీ కలిపితేనే తెలుస్తుంది.

మీ విషయంలో అదే లెక్క వేద్దాం. బోనస్ పోను ఓన్ డ్యామేజ్ కింద 4,400 కట్టానని రాశారు కదా, అంటే తగ్గింపుకి ముందు 8,000. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఏటా 50 శాతం వస్తుంది. క్లెయిమ్ చేస్తే వరసగా 0, 20, 25, 35, 45, ఆ తర్వాతే 50. ఏడాదికేడాది తేడాలు 50, 30, 25, 15, 5. కలిపితే 125 శాతం. 8,000కి 125 శాతం అంటే పదివేలు, జీఎస్టీతో 11,800. కారు పాతబడే కొద్దీ ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) తగ్గుతుంది, దాంతో ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది దీనికంటే కాస్త తక్కువే ఉంటుంది.

ఇప్పుడు క్లెయిమ్ చేస్తే చేతికి వచ్చేదెంతో చూడండి. మీరు రాసిన ఎస్టిమేట్‌లో బంపరు 4,000, డోరు 7,000, పెయింటింగ్ 4,000, లేబర్ 3,000. జీరో డెప్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగమే ఇస్తారు, బంపరుకి 2,000. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్న బండికి ఇనుప భాగాల మీద 35 శాతం తరుగుదల, అంటే డోరుకి 4,550. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కగట్టి, అందులో సగం కోస్తారు, 3,500 వస్తుంది. లేబర్ పూర్తిగా ఇస్తారు. మొత్తం 13,050. మినహాయింపు వెయ్యి తీసేస్తే 12,050.

అంటే కంపెనీ నుంచి తీసుకునేది 12 వేలు, వాళ్లకి ఐదేళ్లలో తిరిగి కట్టేది ఇంచుమించు అంతే. దాని కోసం సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి), కాగితాలు, షెడ్డు చుట్టూ తిరగడం. జీరో డెప్ లేకపోతే నేనైతే జేబులోంచే పెట్టుకుంటాను. మా ఆవిడ గేటుకి బంపరు రాపిడి పెట్టినప్పుడు అలాగే చేశాం. జీరో డెప్ ఉంటే కథ వేరు, మీకు 17 వేల దాకా వస్తుంది, అప్పుడు క్లెయిమ్ చేయడమే లాభం. అందుకే ముందు పాలసీ కాపీ తీసి ఆ ఒక్క లైను వెతకండి.

ఇంకో విషయం కూడా చూడాలి, పాలసీ ఇంకా ఎన్ని నెలలుంది? ఇప్పుడు సొంత డబ్బు పెట్టుకుని, నాలుగు నెలల తర్వాత ఇదే పాలసీలో పెద్ద దెబ్బ తగిలితే క్లెయిమ్ చేయక తప్పదు. బోనస్ ఎలాగూ పోతుంది, ఇవాళ పెట్టిన డబ్బూ పోతుంది. అదే ఏడాదిలో రెండో క్లెయిమ్ చేస్తే బోనస్‌కి కొత్తగా పోయేదేమీ ఉండదు, అప్పటికే సున్నా కదా. రెన్యూవల్‌కి నెలో రెండు నెలలో ఉంటే ఆ టెన్షన్ తక్కువ. పది నెలలుంటే ఆలోచించాలి.

తగిలించిన ఆటోకి ఉన్న ఇన్సూరెన్స్ నుంచే వసూలు చేయొచ్చుగా అని అడిగారు. చట్టప్రకారం చేయొచ్చు, అది మీ బోనస్‌ని తాకదు కూడా. కానీ దానికి పోలీసు కేసు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, వాయిదాలు. 18 వేల కోసం ఆ దారి మీకు చెప్పను. మనుషులకి గాయాలై ఉంటే మాత్రం తప్పకుండా వెళ్లమనేవాణ్ణి.

మీకో మాట గట్టిగా చెప్పాలి. మా బావమరిది క్లెయిమ్ చేసిన ఏడాదే ఒక ఏజెంటు "కంపెనీ మారదాం, క్లెయిమ్ లేదని రాస్తే 50 శాతం అలాగే ఉంటుంది" అన్నాడు. బావమరిది ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది. మనం సంతకం పెట్టే డిక్లరేషన్‌లోనే ఉంటుంది, అది అబద్ధమని తేలితే ఓన్ డ్యామేజ్ ప్రయోజనాలన్నీ పోతాయని. నాలుగైదు వేలు మిగుల్చుకుందామని చూస్తే, ప్రమాదం జరిగిన రోజున లక్షల బిల్లు నెత్తిన పడుతుంది. ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేసేటప్పుడు బోనస్ శాతం దానంతటదే నిండిపోయి ఉంటే అది సరైనదో కాదో చూసి సరిచేయండి, క్లెయిమ్ అయ్యాక పాత శాతం అలాగే కనిపించవచ్చు.

ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్, అంటే అదనపు కవర్, ఉంది. దాంతో క్లెయిమ్ చేసినా బోనస్ నిలుస్తుంది, ఏడాదికి ఎన్ని క్లెయిములు, ఎలాంటివి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. దెబ్బ తగిలాక కొనడం కుదరదు, రెన్యూవల్ అప్పుడే తీసుకోవాలి. 45, 50 శాతంలో ఉన్నవాళ్లకి దాని ధర అడిగి చూడటం మంచిది. ఇప్పుడే సున్నాకి పడినవాళ్లకి అవసరం లేదు, కాపాడుకోవడానికేమీ లేదు.

బోనస్ బండిది కాదు, యజమానిది. మా బాబాయి గుంటూరులో పాత కారు అమ్మి కొత్తది తీసుకున్నప్పుడు పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తెప్పించుకున్నారు, కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గింది. ఆ లెటర్ మూడేళ్ల దాకా చెల్లుతుంది. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యూవల్ చేయకపోతే మాత్రం ఒక్క క్లెయిమ్ లేకపోయినా బోనస్ పోతుంది.

నిర్ణయం తీసుకునేదాకా బండి విప్పించకండి, సర్వేయర్ చూడకముందు రిపేరు మొదలుపెడితే క్లెయిమ్ దారి మూసుకుపోవచ్చు. డోరు, బంపరు, నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. క్లెయిమ్ నమోదు చేయకుండానే షెడ్డువాళ్లు ఎస్టిమేట్ ఇస్తారు, ఇంకో చోట కూడా అడగండి. డోరు మార్చకుండా డెంటింగ్‌తో సరిపోతుందంటే 18 వేలు కాస్తా బాగా తగ్గుతుంది, అప్పుడు జీరో డెప్ ఉన్నా లెక్క మళ్లీ వేయాలి.