తాళం వేయకండి, ముందు డాక్టరుకు చూపించండి

రోజూ తాగే అన్నయ్యను పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే మానేస్తాడా అని అడిగారు. ఆ పని మాత్రం చేయకండి. ప్రాణం మీదికి వస్తుంది.

మాది కొండపి దగ్గర పల్లె. మా బాబాయి పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టులో, రాత్రిపూట మంట చూసేవాడు. పొద్దున్నే గ్లాసు పడితే గానీ చేతుల వణుకు ఆగేది కాదు. ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఆ రోజు నుంచే చుక్క ముట్టలేదు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మూడో రోజు రాత్రి దుప్పటి మీద లేని చీమలను ఏరడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా చెమట. కర్రకు ఆకు కడుతున్నట్టు చేతులు ఆడిస్తూ "మంట తగ్గింది, కట్టెలు వేయండి" అని అరుపులు. పిన్నిని కూడా గుర్తుపట్టలేదు. దీక్షలో అపచారం జరిగిందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు. వాళ్లు నిమ్మకాయలు వెతుకుతుండగానే పిన్ని ఆటో పిలిపించి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడ్డ మెదడు, అది ఒక్కసారిగా ఆగితే అదుపు తప్పుతుందని డాక్టరు చెప్పారు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఇలాంటి మతిభ్రమ. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మత్తు మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ మనిషిని నిలబెట్టారు.

"గట్టిగా అనుకుంటే మానలేరా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2020లో మద్యం దుకాణాలు మూసినప్పుడు మా జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లకు బతకాలని లేకనా? తాగుడు మాన్పిస్తామంటూ, తాగేవాడికి తెలియకుండా రసంలో కలిపే పొడులు అమ్మేవాళ్లు మరీ ఘోరం. కొన్ని మందులు తెలియకుండా పెడితే, ఆ మనిషి తాగిన వెంటనే రక్తపోటు పడిపోతుంది.

ఇంత చేసిన పిన్నినే ఊరు తప్పుపట్టింది, మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేదని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్లకు నీతులు చెబుతూ కూర్చోలేదు, నేరుగా సారా దుకాణం మీదికే వెళ్లారు. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మా వీధి చివర బెల్టు షాపు గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపరు.

మీరు తాగుడు, మత్తు మాన్పించేందుకు సాయపడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేయండి, డబ్బు ఖర్చు కాదు. రోజుకు ఎంత తాగుతాడో, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయో లేదో దాచకుండా చెప్పండి. ఈలోగా మానేసి, తికమకగా మాట్లాడినా ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి చేయండి.