అసీల్ కోడిపిల్లలు గుడ్డులోనే పోతున్నాయా? నీళ్లు ఆపి తూకం పట్టండి

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. మల్కన్‌గిరి వైపు నుంచి తెచ్చిన అసీల్ పుంజు ఒకటి, పెట్టలు నాలుగు ఉన్నాయి. ఐదూ ఒకే తల్లి పిల్లలు. పందేలకు కాదు, ప్రదర్శనలో పెట్టడానికి జాతి నిలబెడుతున్నాను. శ్రావణంలో ఇంక్యుబేటర్‌లో 26 గుడ్లు పెడితే 9 పిల్లలే వచ్చాయి. 4 వట్టి గుడ్లు. మిగతా 13 గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై, పెంకు పగలగొట్టకుండానే చచ్చిపోయింది. వచ్చిన పిల్లల్లో రెండింటికి కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి, మూడింటికి నెత్తి మీద రంపం లాంటి జుట్టు వస్తోంది. పెట్టలు హుషారుగానే ఉన్నాయి, నూకలు, చోళ్లు (రాగులు) తింటున్నాయి. మందుల షాపులో అడిగితే కొక్కెర తెగులు (రాణిఖేత్) అని చెప్పి ఎన్‌రోఫ్లాక్సాసిన్, లివర్ టానిక్, విటమిన్ సీసా ఇచ్చారు. గుడ్లు ఎండిపోకుండా రోజూ నీళ్లు చల్లుతున్నాను. చిలకముక్కు పుంజును వేస్తే ముక్కు బాగా వస్తుందంటున్నారు. వేయమంటారా?

జవాబు: ఇది కొక్కెర తెగులు కాదు. ఆ తెగులు వస్తే పెద్ద కోళ్లూ పడతాయి. పచ్చగా పారుకుంటాయి, మెడ తిప్పేసుకుంటాయి, గుడ్లు ఆగిపోతాయి. మీ పెట్టలు తిని తిరుగుతున్నాయి. పైగా 26 గుడ్లలో 22 గుడ్లకు జీవం పట్టింది. అసీల్‌లో అది మంచి లెక్కే, కాబట్టి పుంజులో లోపం వెతకకండి. పూర్తిగా తయారైన 13 పిల్లలు చివరి రెండు మూడు రోజుల్లో పోయాయంటే తప్పు పొదిగే పెట్టెలో జరిగింది. మీరు చల్లిన నీళ్లే వాటిని ముంచాయి.

పెంకు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. మొదటి 18 రోజుల్లో గుడ్డు బరువులో 11 నుంచి 13 శాతం నీరు వాటిగుండా ఆవిరైపోవాలి. ఆ నీరు వదిలిన చోటికి గాలి చేరి, గుడ్డు మొద్దు వైపు గాలి గది పెరుగుతుంది. 20వ రోజున పిల్ల ముక్కుతో పొర చీల్చి మొదటి ఊపిరి తీసుకునేది ఆ గదిలోంచే. శ్రావణంలో వంశధార పక్కన గాలిలోనే కావలసినంత తేమ ఉంటుంది. దానికి తోడు మీరు నీళ్లు చల్లారు. నీరు బయటికి పోలేదు, గాలి గది పెరగలేదు, పిల్లకు ఊపిరి అందలేదు.

ఈసారి 22 రోజులు దాటినా పగలని గుడ్డు ఒకటి తీసుకొని మొద్దు వైపు పెంకు గోటితో కొద్దికొద్దిగా ఒలిచి చూడండి. గాలి గది చిన్నదిగా ఉండి, పిల్ల ఒళ్లంతా ఉబ్బి, నూగు జిగటగా తడిసి, ముక్కు ఇంకా పొర కిందే ఉండి, పెంకు అడుగున నీరు నిలిచి ఉంటే తేమ ఎక్కువైనట్టు. పొర కాగితంలా ఎండి పిల్లను పట్టేసి ఉంటే తేమ తక్కువైనట్టు. పిల్లలు 19, 20 రోజులకే వచ్చేసి బొడ్డు మానకుండా ఉంటే వేడి ఎక్కువ. 22, 23 రోజులకు లాగుతుంటే వేడి తక్కువ. ఈ నాలుగింటికీ సీసాలో మందు లేదు. షాపులో ఎవరూ మీ గుడ్డు పగలగొట్టి చూడకుండానే తెగులు పేరు చెప్పారు. ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఆపేయండి. అది గుడ్లు పెట్టే పెట్టలకు ఇవ్వకూడని మందు. ఆ మూడు సీసాలకు పెట్టే డబ్బు పక్కన పెట్టి, 1 గ్రాము తేడా చూపించే వంటింటి తూకం కొనుక్కోండి.

తూకం ఎలా పట్టాలంటే, పెట్టెలో పెట్టే ముందు ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో పెట్ట గుర్తు, తేదీ, బరువు రాయండి. 50 గ్రాముల గుడ్డు 7వ రోజుకు 47.5, 14వ రోజుకు 45.5, 18వ రోజుకు 44 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. మొత్తం ఒకేసారి తూచినా సరే: 24 గుడ్లు 1200 గ్రాములుంటే 7వ రోజుకు 1145, 14వ రోజుకు 1090, 18వ రోజుకు 1055. మధ్యలో వట్టి గుడ్లు తీసేస్తే వాటి మొదటి బరువు కూడా లెక్కలోంచి తీసేయాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు. 7వ రోజున బరువు తగ్గాల్సినంత తగ్గలేదంటే నీళ్ల గిన్నె పూర్తిగా తీసేసి, గాలి రంధ్రాలన్నీ తెరవండి. మరీ ఎక్కువ తగ్గితే చిన్న మూతిగల గిన్నె ఒకటి పెట్టండి. గిన్నె మూతి వెడల్పును బట్టే తేమ పెరుగుతుంది, లోతును బట్టి కాదు. వానాకాలంలో మీ దగ్గర 18వ రోజు దాకా గిన్నె అవసరమే ఉండకపోవచ్చు. గుడ్ల మీద నీళ్లు చల్లడం మాత్రం ఏ కాలంలోనూ వద్దు.

తేమ మొదటి 18 రోజులు 55–60 శాతం, చివరి మూడు రోజులు 65–70 శాతం. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్. ఫ్యాను లేకపోతే గుడ్డు పైభాగం ఎత్తులో థర్మామీటరు పెట్టి 38.5 నుంచి 38.9 దాకా ఉంచాలి. థర్మామీటరు అబద్ధం చెబుతుందేమో ముందే చూసుకోండి. గోరువెచ్చని నీళ్లలో దాన్నీ, జ్వరం చూసే థర్మామీటరునూ పక్కపక్కన ముంచి, తేడా ఎంతో పెట్టె మూత మీదే రాసి పెట్టండి. అర డిగ్రీ తేడా కూడా పొదుగును దెబ్బతీస్తుంది. గుడ్లను రోజుకు 3 లేదా 5 సార్లు తిప్పండి. బేసి సంఖ్య అయితే రాత్రంతా ఒకే పక్క మీద ఉండే బాధ ఏ గుడ్డుకూ రోజూ ఉండదు. 18వ రోజు నుంచి తిప్పడం ఆపి, పిల్లలు వచ్చేదాకా మూత తెరవకండి. ఒక పిల్ల వచ్చిందని తెరిచి చూస్తే, పెంకుకు కన్నం పెట్టిన మిగతా వాటి పొరలు ఎండిపోయి అక్కడే ఇరుక్కుంటాయి. కరెంటు పోతే గాలి రంధ్రాలు వదిలి పెట్టె మీద దుప్పటి కప్పండి.

పెట్టెలోకి వెళ్లే గుడ్డు కూడా ముఖ్యమే. కడిగిన గుడ్డు వద్దు, కడిగితే మురికి రంధ్రాల్లోంచి లోపలికి వెళుతుంది. మరీ గుండ్రం, మరీ కోల, పెంకు గరుకుగా ఉన్నవి వద్దు. సన్న మొన కిందికి పెట్టి, చల్లని చోట 7 రోజులకు మించకుండా నిల్వ చేయండి. 15–18 డిగ్రీలు ఉండాలి. పల్లెలో అంత చల్లదనం కుదరదు కాబట్టి తడి ఇసుకలో పాతిన మట్టి కుండలో పెట్టి, 4, 5 రోజులకే పొదగవేయండి. మీ పెట్టల్లో పొదుగుకొచ్చింది ఏదైనా ఉంటే మంచి గుడ్లు 10 దానికిందే వేయండి. తేమ, వేడి సంగతి అదే చూసుకుంటుంది. కూర్చోబెట్టే ముందు ఈకల మధ్య పేలు ఉన్నాయేమో చూడండి. పేలు పట్టిన పెట్ట మధ్యలో లేచిపోతుంది.

వేళ్లు లోపలికి ముడుచుకోవడం తల్లి తిన్న మేతలో రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, చాలనందువల్ల. నూకలు, చోళ్లతోనే పెంచితే ఇది తప్పదు. గుడ్లు పోగుచేయడానికి 4 వారాల ముందు నుంచే మేత మార్చాలి. 100 కిలోలకు పగలగొట్టిన మొక్కజొన్న 55, సోయా చెక్క 22, నూనె తీసిన తౌడు 12, గుల్ల నలుసు 8, ఖనిజ మిశ్రమం 2.5 కిలోలు, ఉప్పు 300 గ్రాములు, దానిలో బి2 ఉన్న విటమిన్ ప్రీమిక్స్ ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. పెట్టకు రోజుకు 100–110 గ్రాములు చాలు. పుంజుకు గుల్ల కలపకుండా వేరే తొట్టిలో పెట్టండి. వానలో బూజు పట్టిన మొక్కజొన్న ఎంత చవకైనా కొనకండి. మునగాకు, పుల్లని మజ్జిగ రోజూ ఇవ్వొచ్చు, రెండింటిలోనూ బి2 ఉంది. ముడుచుకున్న ఆ రెండు పిల్లలకూ బి-కాంప్లెక్స్ 5 రోజులు నీళ్లలో ఇవ్వండి. నడక బాగుపడినా వాటిని జాతికి ఉంచుకోకండి. పిల్లల గంప అడుగున పేపరు కాకుండా గోనెసంచి పరవండి, జారే నేల మీద కాళ్లు రెండు పక్కలకూ చాచుకుపోతాయి.

ఇక రంపపు జుట్టు. మీకు కోళ్లు అమ్మినవారు మోసం చేశారనుకోకండి. అసీల్‌కు ఉండాల్సింది మూడు వరుసల చిన్న బఠాణీ జుట్టు. అది బయటికి కనిపించే గుణం, రంపపు జుట్టు దాని వెనక దాక్కునే గుణం. పైకి బఠాణీ జుట్టే ఉన్న పుంజు, పెట్ట రెండూ రంపపు గుణాన్ని దాచుకొని ఉంటే నాలుగు పిల్లల్లో ఒకదానికి అది బయటపడుతుంది. మీకు 9లో 3 వచ్చాయి, ఆ లెక్కకు దగ్గరే. అంటే మీ పుంజులో అది తప్పకుండా ఉంది, పెట్టల్లో కనీసం ఒకదానిలో ఉంది. ఏ పెట్టో తేలాలంటే రంపపు జుట్టున్న ఏదైనా నాటు పుంజుతో దాటించి, వచ్చిన పిల్లలను చూడండి. ఒక్క రంపపు జుట్టు పిల్ల వచ్చినా ఆ పెట్ట స్వచ్ఛమైనది కాదు. వరసగా 7 పిల్లలకూ బఠాణీ జుట్టే వస్తే ఆ పెట్టను నమ్మవచ్చు. ఈ పరీక్ష పిల్లలను కూరకు పెంచుకోండి, జాతి లెక్కలో రాయకండి. నాటు పుంజును తీసేశాక 3 వారాలు గడిచేదాకా ఆ పెట్ట గుడ్లు జాతికి పొదగవేయకూడదు. పుంజు బీజం పెట్ట కడుపులో అన్నాళ్లు నిలిచి ఉంటుంది.

ఒకే తల్లి పిల్లలను జత చేయడం మీరు చేసిన రెండో పెద్ద తప్పు. తండ్రి కూడా ఒకటే అయితే, అన్నాచెల్లెళ్ల జతలో పుట్టిన పిల్లకు రక్తసంబంధం లెక్క 25 శాతం. పొదుగు శాతం, పిల్లల బలం, తర్వాత గుడ్ల సంఖ్య, మూడూ పడిపోతాయి. వేరే ఊరి నుంచి, మీ కోళ్లతో సంబంధం లేని పుంజు తెచ్చుకొని దానికీ ఇదే జుట్టు పరీక్ష చేయండి. దొరక్కపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో అసీల్ మూలజాతి ఉంది, అక్కడ అడగండి. కోళ్లు పెరిగాక మూడు గూళ్లు పెట్టండి. ఒకటో గూటి కొడుకు పుంజు రెండో గూటికి, రెండోది మూడుకి, మూడోది ఒకటికి వెళ్లాలి. కూతురు పెట్టలు తల్లి గూట్లోనే ఉండాలి. ఏటా ఇలా తిప్పితే బయటి పుంజు లేకుండానే కొన్ని తరాలు నడుస్తుంది. ఒక పుంజుకు 3 నుంచి 5 పెట్టలు. దాటు బాగా కుదరడానికి ముడ్డి చుట్టూ ఈకలు కత్తిరించండి.

ఏ పిల్ల ఏ గూటిదో, ఏ పెట్టదో తెలియకపోతే ఇదంతా వృథా. పిల్ల వచ్చిన రోజే కాలివేళ్ల మధ్య పొరలో చిన్న కన్నం వేయండి. రెండు కాళ్లకు కలిపి నాలుగు పొరలు, కొన్నింటికి కన్నం వేసి కొన్నింటిని వదిలేస్తే 16 రకాల గుర్తులు వస్తాయి. నోటుబుక్కులో ఆ గుర్తు ఎదుట తల్లి, తండ్రి, పుట్టిన తేదీ. జాతి నిలబెట్టేది ఈ పుస్తకమే.

చిలకముక్కు పుంజు వద్దు. జాతిగా నమోదైన అసీల్‌కు తోక చిన్నది, కిందికి వాలి ఉంటుంది. మెడ పొడుగ్గా, కండ లేకుండా, రొమ్ము మీద ఈకలు దాదాపు లేకుండా, కాళ్లు ఎడంగా, నిటారుగా ఉండాలి. చిలకముక్కు పోటీల్లో పొడుగు తోకకూ మార్కులు. రెండూ కలిపితే రెండు ప్రదర్శనల్లోనూ నిలబడని పిల్లలు వస్తాయి. మీకు కావలసింది ఏదో ముందే తేల్చుకోండి. ఎంపిక మూడుసార్లు చేయండి: పుట్టిన రోజు జుట్టు, వేళ్లు, 8 వారాలకు కాళ్లు, ముక్కు, 6 నెలలకు రొమ్ము ఎముక, నిలబడే తీరు. రొమ్ము ఎముక వంకర రాకుండా 12 వారాల దాకా దండె ఎక్కనివ్వకండి. తర్వాత 5 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లకర్ర వేయండి. పుంజు పిల్లలు పొడుచుకోవడం మొదలుపెట్టగానే విడదీయండి, ముఖం మీద గాటు పడితే ప్రదర్శనకు పోయినట్టే. పందెం మాట మీరే కాదన్నారు, మంచిది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం కూడా.

కొక్కెర తెగులు ఇప్పుడు లేదన్నాను, రాదనలేదు. ఒక్కసారి వస్తే మీ జాతి పుస్తకం మొత్తం ఖాళీ. పుట్టిన రోజు మారెక్స్ టీకా, 7వ రోజు కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 14వ రోజు గంబోరో టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, 6–7 వారాలకు మశూచి టీకా రెక్క పొరలో, 8 వారాలు నిండాక కొక్కెర తెగులుకే ఆర్2బి టీకా అర మిల్లీలీటరు చర్మం కింద. సీసా ఐస్‌లో తెచ్చి, కలిపిన 2 గంటల్లోపు వాడేయాలి. ఒక్కో సీసాలో చాలా డోసులుంటాయి కాబట్టి ఊళ్లో కోళ్లున్నవాళ్లంతా ఒకే రోజు వేయించుకోండి, దగ్గరలోని లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌కు ముందుగా చెప్పండి.

వచ్చే పొదుగు కార్తీకం దాటాక పెట్టండి, గాలి పొడిగా ఉంటుంది. 7, 14, 18 రోజుల తూకాలు రాసి పంపండి. పిల్ల రాని గుడ్లు ఉంటే పారేయకుండా ఒలిచి, పైన చెప్పిన నాలుగు గుర్తుల్లో ఏది కనిపించిందో దాంతోపాటే రాయండి.